శనివారపు సమాజము: కొత్తరెడ్డిపాలెపు తెలుగు యూదుల చరిత్రము



శ్రావణమాసము వచ్చినదనగా మన చక్రాయపేట సీమలో శనివారమునకు గల మహిమ యెట్టిదో మేము వేరుగ జెప్పనక్కరలేదు. పాపఘ్ని యొడ్డున గండి క్షేత్రమందు వెలసిన వీరాంజనేయస్వామిని సేవించుటకై పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతములనుండి జనులు తండోపతండములుగ తరలివత్తురు. వారమునం దొక దినమును దైవమునకై వేరుపరచుట మన మెరుగని సంగతి గాదు. అయితే శ్రావణమనియు భాద్రపదమనియు భేదము లేక, సంవత్సరమున వచ్చు శనివారముల నన్నిటిని ప్రార్థనకును పఠనమునకును విడిచిపెట్టవలెనని సంకల్పించిన తెలుగు కుటుంబములు కొన్ని గుంటూరు సీమలో గలవనియు, అవి మన మాదిగ కులమునుండి బయలుదేరినవే యనియు మనలో ననేకులెరుగరు. వారు తమ్ము యూదులమని చెప్పుకొందురు. వారి చరిత్రమును ఈ మహాసభా సంచికయందు సంగ్రహముగ నివేదింప బూనితిమి. ఏ మతమును మెచ్చుటకుగాని, ఏ మతమును నొచ్చుటకుగాని మే మీ పనికి దొరకొనలేదు. మనవారు కొందరు వ్రాతలేని బ్రతుకునుండి చదువుగల సమాజమును నిర్మించుకొనుటకు చేసిన ప్రయత్నమెట్టిదో మన పిల్లలు తెలిసికొనవలెనని మా కోరిక.

ఊరును వారును

గుంటూరు నగరమునకు ననతిదూరమున, చతుర్ముఖ బ్రహ్మదేవాలయముచే ప్రసిద్ధికెక్కిన చేబ్రోలు గలదు. దాని చెంతనున్న గ్రామము కొత్తరెడ్డిపాలెము. ఆ యూరి మాదిగపల్లెలోని కుటుంబములు కొన్ని, సుమారు నలువదియని పరిశోధకులు లెక్కించినవి, తమ సమాజమునకు 'బెనే ఎఫ్రాయీము' అని పేరు పెట్టుకొన్నవి. హెబ్రీ భాషలో 'బెనే' యనగా బిడ్డలు. ఎఫ్రాయీము యోసేపు కుమారుడు, యాకోబు మనుమడు. ఇశ్రాయేలు గోత్రములలో నొకదానికి మూలపురుషుడు. ఈ కుటుంబములవారిలో పెక్కురు సొంత భూమి లేక పొలముల కూలిచే జీవించువారు. వారి తల్లిభాష తెలుగు. బంధువర్గమున క్రైస్తవులు పెక్కురు గలరు.

యూదులకును తెలుగు నేలకును పరిచయము నిన్న నేడు కలిగినది కాదు. 17వ శతాబ్దమున గోలకొండ వజ్రముల కీర్తి విని లండను నగరపు యూద వర్తకులు కొందరు చెన్నపట్టణమునకు వచ్చి వ్యాపారము చేసిరి. వారిలో నొకడైన జాక్ డి పైవా 1687లో చెన్నపట్టణముననే మృతినొందెను. ఆ కాలపు వజ్రముల వేటకు మన సీమయు దూరము గాదు. 1652లో టావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు మీర్ జుమ్లాను దర్శించుటకై మన జమ్మలమడుగు చెంతనున్న గండికోటకే వచ్చియుండెను. కాని యట్లు వచ్చినవారు రాళ్ళు కొని పోయిరేగాని మన పల్లెలలో నిలువలేదు. కొత్తరెడ్డిపాలెపు యూదులు ఓడనెక్కి వచ్చినవారు గారు. మన నడుమనే పుట్టి, మన నడుమనే పెరిగి, తమ పూర్వులెవరని తమ్ము తాము ప్రశ్నించుకొన్నవారు.

భరతఖండపు ఇతర యూదులు

వీరి సంగతి చక్కగ బోధపడవలెనన్న భరతఖండమందలి యితర యూదుల గూర్చి రెండు మాటలు తెలిసికొనవలెను. కొంకణ తీరమున బెనే ఇశ్రాయేలను వారు గలరు. అలీబాగు చెంత నవగాము నొద్ద ఓడ పగిలి, ఒడ్డునకు చేరిన ఏడు జంటలనుండి తాము పుట్టితిమని వారి పెద్దల మాట. తరతరములుగ వారు గానుగలాడించి నూనె తీసి బ్రతికిరి. శనివారమున గానుగ కట్టరు గనుక చుట్టుపట్ల జనులు వారిని 'శనివార తేలీలు', అనగా శనివారపు గాండ్లవారు, అని పిలిచిరి. వారి చేత గ్రంథము లేదు. హెబ్రీ భాష మరచిరి. ఐనను ఆ యొక్క దినమును విడువకపోవుటచేత వారు తాము ఫలానావారమని నిలుపుకొనగలిగిరి. వారిలో శామ్యూలు దివేకరను వాడు ఇంగ్లీషు కుంపిణీ సైన్యమున నుద్యోగియై, టిప్పు సుల్తానుచేత జిక్కి, ప్రాణములతో బయటపడి, 1796లో బొంబాయియందు తమవారి మొదటి సమాజమందిరమును కట్టించెను. తరువాతి కాలమున క్రైస్తవ మిషనరీలు మరాటీ భాషలో అచ్చొత్తించిన పాతనిబంధన గ్రంథము వారి చేతికి వచ్చినది. మిషనరీలు ఆశించినది యొకటి, జరిగినది మరొకటి. ఆ గ్రంథమును చదివిన బెనే ఇశ్రాయేలీలు క్రైస్తవులగుటకు మారుగ తమ పూర్వమతమునందే మరింత దృఢపడిరి.

కొచ్చిన్ యూదులు వీరికంటె సంపన్నులు. క్రీ. శ. 1000 ప్రాంతమున చేరరాజు యోసేఫు రబ్బానుకు ఇచ్చిన రాగిశాసనమును వారు తమ గౌరవచిహ్నముగ దాచుకొనిరి. 1568లో మట్టాంచేరియందు పరదేశి సమాజమందిరము వెలసెను. కాని యచ్చటను ఒక వెలివాడ యుండెను. దాసుల సంతతియని చెప్పబడినవారిని మందిరములోపల సమానముగ కూర్చుండనీయక, చిరకాలము వెలుపలి భాగముననే నిలిపిరి. ఆ వర్గమునుండియే అబ్రహాము బారకు సేలము (1882–1967) పుట్టి న్యాయవాదియై, గాంధి మహాత్ముని మార్గము ననుసరించి, తమ మందిరముననే సత్యాగ్రహము సల్పి, క్రమక్రమముగ ఆ నిషేధములను తొలగింపజేసెను. జనులాయనను 'యూద గాంధి' యనిరి. గుడి వాకిట నిలువబెట్టబడుట యెట్టిదో మన తాతలెరిగినదే గనుక ఈ కథ మనకు పరాయిది గాదు.

సమాజము పుట్టిన విధము

ఇక మన తెలుగునాటి సంగతి. 1866లో ఎర్రగుంట్ల పేరయ్యయను మన కులజుడు బాప్టిస్టు మిషనువారియొద్ద క్రైస్తవదీక్ష పుచ్చుకొని ఊరూర బోధించెను. 1876–78 నాటి మహాక్షామము గడచిన పిదప, 1878 జూలై 3వ తేదీన ఒంగోలు ప్రాంతమున గుండ్లకమ్మ నదిలో నొక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో మిక్కిలి పెద్దపాలు మన మాదిగలే. కడపలోను 1822 నుండి లండను మిషనువారి పని సాగెను. ఇందుమూలమున మన పల్లెలకు బడియు, అచ్చుపుస్తకమును వచ్చినవి. విశ్రాంతిదినము, ధర్మశాస్త్రము, సమాజమందిరము, పస్కా పండుగ, పులియని రొట్టె మొదలగు మాటలు క్రైస్తవ గ్రంథానువాదము వలననే మనవారి నోట నాటుకొన్నవి. నూరేండ్ల తరువాత కొత్తరెడ్డిపాలెపువారు యూదాచారమును చెప్పుకొనబూనినప్పుడు వలయు తెలుగు మాటలన్నియు సిద్ధముగనే యుండెను.

ఈ సమాజమునకు నాయకులు షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి యను సోదరులు. పూర్వము వారు క్రైస్తవ బోధకులు. 1980వ దశకమున షమూయేలు యెరూషలేమునకు బోయి, అచ్చటి యూదుల ప్రార్థనలను ఆచారములను చూచి, తమ పెద్దలు ఇంట గుట్టుగ చెప్పుకొన్న మాటలకును వీనికిని పొత్తు గలదని తలచెను. తిరిగివచ్చి సోదరునితో గలిసి యూదధర్మమును బోధింప నారంభించెను. 1990వ దశకపు తొలి సంవత్సరములలో కొత్తరెడ్డిపాలెమున సమాజమందిరము లేచినది. 2002లో షమూయేలు తమ వాదమునంతయు ఆంగ్లమున నొక పెద్ద గ్రంథముగ ప్రకటించెను.

ఆ వాదము సంగ్రహముగ నిది. క్రీ. పూ. 722 ప్రాంతమున అష్షూరువారు షోమ్రోను నగరమును గెలిచి ఇశ్రాయేలు గోత్రములను చెరగొనిపోయిరి. అందు ఎఫ్రాయీము గోత్రపువారు పారసీకము, ఆఫ్ఘను దేశము, కాశ్మీరముల మీదుగ ఉత్తర భరతఖండమునకు వచ్చి, అచ్చటినుండి దక్షిణమునకు దిగి తెలుగునాట స్థిరపడిరి. కాలక్రమమున పతితులై, అంటరానివారని త్రోయబడిరి. మాంసాహారమును, శవములను దహింపక పూడ్చుటయు ఈ పూర్వవృత్తాంతమునకు గురుతులని వారందురు.

చరిత్రకారుని దృష్టితో జూచినచో నీ వాదమునకు శాసనముగాని, తాళపత్రముగాని సాక్ష్యముగ నిలువలేదు. వారు చూపు ఆచారములు మన కులమంతటను, ఇతర కులములందును గలవు. వానినిబట్టి వంశనిర్ణయము చేయుట తగదు. ఈ మాట దాచుట న్యాయము గాదు గనుక స్పష్టముగ చెప్పుచున్నాము. కాని మరియొక మాటయు చెప్పవలెను. మన జాంబవపురాణము నకు మాత్రము ఏ రాగిశాసనము సాక్ష్యము? జాంబవంతుడు భూమికంటె ముందు పుట్టినవాడని డక్కలివారు మన యిండ్ల ముంగిట పాడిరి. అరుంధతి మన యాడుబిడ్డయని మన ముసలమ్మలు చెప్పిరి. ఊరివారు మనల నూరి వెలుపల నుంచినప్పుడు ఆ కథయే మన వెన్నెముకయై నిలిచినది. గ్రామకరణము లెక్కలలో వెట్టివాడనియు, చెప్పులు కుట్టువాడనియు తప్ప వేరు పేరు లేని మనుష్యుడు తన పూర్వుల పేరు వెదకికొనుటలో వింత యేమున్నది? కొత్తరెడ్డిపాలెపువారును ఆ వెదకులాటకే బయలుదేరిరి. వారు చేరిన చోటు వేరు.

వారపు టారాధనము

యూదుల దినము సాయంకాలమునుండి సాయంకాలమువరకు. అందుచే శుక్రవారము ప్రొద్దు గ్రుంకకమునుపే వారి శనివారమునకు సన్నాహము జరుగును. ఇంటి యిల్లాలు రెండు దీపములకు తక్కువగాక వెలిగించి, కన్నులు మూసికొని ప్రార్థించును. సందెదీపము పెట్టు మన తల్లులకు ఈ దృశ్యము పరిచితమే. దీపము పెట్టిన పిమ్మట మరల నిప్పు రాజేయరాదు గనుక వంట ముందుగనే ముగింపవలెను. యజమానుడు ద్రాక్షారసము పాత్రను చేతబట్టి దినమును పవిత్రమని ప్రకటించును. ద్రాక్షాసారాయి దొరకని కొంకణపు యూదులు ఎండుద్రాక్షలు నానబెట్టిన రసముతో నీ విధిని జరుపుకొనిరి.

శనివారమున సమాజమందిరమునందు కూడిక. కొత్తరెడ్డిపాలెపు మందిరము గొప్ప కట్టడము గాదు. స్త్రీలొక ప్రక్కను, పురుషులొక ప్రక్కను కూర్చుందురు. హెబ్రీ ప్రార్థనలను తెలుగు లిపిలో వ్రాసికొని చదువుదురు. అర్థమును తెలుగున చెప్పుకొందురు. యూదధర్మము ననుసరించి సామూహిక ప్రార్థనకు పదిమంది పెరిగిన పురుషులుండిన చాలును. బలిపీఠము లేదు. ఇన్ని తరముల పూజారి కులమువాడే నడుపవలెనను నిర్బంధము లేదు. చదువు తెలిసినవా డెవడైనను ప్రార్థనకు ముందు నిలువవచ్చును. గర్భగుడిలోనికి పోరాదని తరతరములుగ చెప్పించుకొన్నవారికి ఈ యొక్క నియమమే యెంత యాకర్షణమో యూహింపవచ్చును.

మోషే ధర్మశాస్త్రపు ఐదు కాండములను 54 భాగములుగ విభజించి, వారవారము చదువుచు, సంవత్సరమునకు నొకమారు పూర్తిచేసి, ముగిసిననాడే మరల మొదటినుండి యారంభింతురు. లోకమందలి యూదులందరు, న్యూయార్కున నున్నను కొచ్చిన్‌న నున్నను, సామాన్యముగ నొకే వారమున నొకే భాగమును చదువుదురు. మందిరములలో నుంచు చర్మపు చుట్ట చేతితో వ్రాయబడునది. అందు 3,04,805 అక్షరములు. ఒక యక్షరము చెడినను దానిని దిద్దువరకు సభలో చదువరాదు. హెబ్రీ చుట్టలో అచ్చుల గురుతులుండవు. గుడిసున్నలు, కొమ్ములు, ఏత్వములు లేక హల్లులు మాత్రమే వ్రాసిన తెలుగు పుటను మన పిల్లవాని ముందుంచినచో వాడెట్లు తడబడునో తలచుకొనుడు. గురువునొద్ద విని నేర్చుకొనక ఆ చుట్టను చదువుట యసాధ్యము. అందువలన యూదులకు ఆరాధనయు బడియు నొక్కటే. చినిగిపోయిన పవిత్ర గ్రంథమును వారు చెత్తలో వేయరు. మనుష్యుని పూడ్చినట్లు మర్యాదతో భూమిలో పూడ్తురు.

కొత్తరెడ్డిపాలెమున నీ చదువు సులభముగ రాలేదు. తరతరముల గురుపరంపర లేదు. సాదోకు యాకోబి కుటుంబమువారు తాము నేర్చి పిల్లలకు నేర్పిరి. అమెరికాయందలి కులాను అను సంస్థవారు పుస్తకములు పంపిరి, ఉపాధ్యాయులను పంపిరి. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అను పరిశోధకులు వీరి మధ్య తిరిగి వీరి జీవితమును పరిశీలించి, 2013లో ఆంధ్ర యూదుల గూర్చి యొక గ్రంథము ప్రకటించిరి. పల్లె పిల్లలు తెలుగు, ఇంగ్లీషు, హెబ్రీ మూడు లిపులతో కుస్తీపట్టుట సామాన్యమైన సంగతి గాదు.

శనివారము రాత్రి ఆకాశమున మూడు చుక్కలు పొడిచిన పిదప, పేనిన వత్తిదీపము వెలిగించి, సుగంధద్రవ్యమును వాసనజూచి, విశ్రాంతిదినమునకు వీడ్కోలు చెప్పుట యూదుల యాచారము. మరల పనిదినము వచ్చును.

కూలివాని విశ్రాంతి

ఇచ్చటనే కష్టము గలదు. నెలజీతము గలవానికి సెలవు సుఖము. దినకూలికి సెలవనగా ఆనాటి తిండి. నాట్లు వేయు కాలమున, మిరపకాయలు కోయు కాలమున, 'శనివారము మేము రాము' అని రైతుతో చెప్పుట యేమి సులభము? ఆ యొక్క దినము రానివానిని మిగిలిన దినములలో పిలువకపోవచ్చును. ధర్మశాస్త్రము ప్రకారము విశ్రాంతిదినమున దాసునికిని పరదేశికిని పశువునకును సహితము విశ్రాంతి నియ్యవలెను. ఆ దినము విధింపబడుటకు కారణము, ఐగుప్తు దేశమున తాము దాసులైయుండుటను మరువకుండుటకేయని ద్వితీయోపదేశకాండము చెప్పుచున్నది. వెట్టి మాన్పించుకొనుటకు మన పెద్దలు పడిన పాట్లు తెలిసినవారికి ఈ మాట హృదయమునకు తగులక మానదు. వారమున నొకనాడైనను తన దేహము తనదే యని చెప్పగలిగినవాడు దాసుడు గాడు. కొత్తరెడ్డిపాలెపు కూలివాడు శనివారమున మందిరమునకు పోవునప్పుడు తన కూలిని కానుకగ పెట్టి పోవుచున్నాడని మన మెరుగవలెను.

రెండు గడపల నడుమ

ఈ సమాజమువారికి రెండు గడపలయందు పరీక్ష గలదు. మొదటిది యూదలోకపు గడప. బెనే ఇశ్రాయేలీలు సంపూర్ణ యూదులేయని ఇశ్రాయేలు ప్రభుత్వము 1964లో అంగీకరించుటకు వారు నిరసనలు చేయవలసివచ్చెను. మణిపురము, మిజోరముల యందలి బెనే మెనష్షేవారిని 2005లో అచ్చటి ప్రధాన మతాచార్యులలో నొకరైన ష్లోమో అమార్ ఇశ్రాయేలు సంతతిగ గుర్తించెను. తదనంతరము వారిలో వేలకొలది జనులు ఆ దేశమునకు వలసపోయిరి. బెనే ఎఫ్రాయీమునకు అట్టి గుర్తింపు రాలేదు.

రెండవది మన ప్రభుత్వపు గడప. 1950 ఆగస్టు 10వ తేదీనాటి రాష్ట్రపతి యుత్తరువు ననుసరించి హిందువులే షెడ్యూల్డు కులములవారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి. క్రైస్తవులను చేర్చలేదు, యూదుల మాటయే లేదు. మన రాష్ట్రమున క్రైస్తవులైన మనవారు వెనుకబడిన తరగతుల 'సి' వర్గమునకు చెందుదురు. మతము మార్చుకొన్నంతమాత్రమున మాదిగపల్లె ఊరి నడుమకు జరుగునా? బావి మారునా? రైతు పిలుపు మారునా? పల్లె మారదు గాని పత్రము మారును. అందుచేత దేవుని యెదుట నొక పేరును, కచ్చేరి యెదుట నొక పేరును గల మనుష్యులు మన కులమున నెందరో గలరు. ఇది వారి కపటముగ నెంచక, ఆ చట్టము కలిగించిన యిరుకుగ నెంచవలెనని మా మనవి.

ఆ సమాజమందిరము లేచిన కొలది యేండ్లకే, 1994 జూలై 7వ తేదీన, ప్రకాశము జిల్లా ఈదుమూడియందు మాదిగ దండోరా మ్రోగినది. 2024 ఆగస్టు 1వ తేదీన సుప్రీముకోర్టు వర్గీకరణమునకు మార్గము తెరచినది. ఒకరు డప్పు పట్టిరి, ఒకరు గ్రంథము పట్టిరి. 'మా పేరు మేమే చెప్పుకొందుము' అను కోరిక రెంటికిని సమానము. వంశము నిరూపించితిరా యని అడుగు పండితులును, మతము నిరూపించితిరా యని అడుగు అధికారులును, ముప్పదియేండ్లకు పైబడి వారవారము కూడి చదువుకొన్న శ్రమను లెక్కలోనికి తీసికొనవలెను. ఆ శ్రమ మాత్రము వారి స్వార్జితము. దానికి పూర్వుల సాక్ష్యము వలదు.

మహాసభకు విన్నపము

ఈ చరిత్రమునుండి మన సంఘము గ్రహింపదగినది యొకటి గలదు. మనము సంవత్సరమునకు నొకమారు మహాసభ జేసి, పూలమాలలు వేసి, తీర్మానములు చదివి, ఇండ్లకు పోవుచున్నాము. కొత్తరెడ్డిపాలెపు నలువది కుటుంబములు సంవత్సరమున ఏబదిమార్లు కూడుచున్నవి. మన పల్లెలలో గుడి గలవారు గుడివద్ద, చర్చి గలవారు చర్చివద్ద, ఏదియు లేనివారు చావడివద్ద, వారమునకొక సాయంకాలము పిల్లలను పెద్దలను కూర్చుండబెట్టి, చదువు వచ్చినవారు చదివి వినిపింపవలెను. జాంబవపురాణము చెప్పగల వృద్ధు లింకను మిగిలియున్నచో వారిచేత చెప్పించి వ్రాసికొనవలెను. ఒక్కొక్క యింటి వంశవృత్తాంతమును, వలసలను, వెట్టి మానిన సంవత్సరమును, మొదట బడికి పోయినవాని పేరును ఒక పుస్తకమున నెక్కింపవలెను. ఇందులకు ధనమధికముగ నక్కరలేదు. పలక, పుస్తకము, దీపము, విడువని పట్టుదల చాలును.

వచ్చు మహాసభ నాటికి చక్రాయపేట సీమలో నొక్క పల్లెయైనను అట్టి పుస్తకమును తెచ్చి సభ ముందుంచినచో మా యీ వ్యాసము సఫలమైనదని భావింతుము. పోషకులు ఆ పల్లెను గుర్తుంచుకొని ప్రోత్సహింతురు గాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.